ఎలక్ట్రిక్ గిటార్ సొంతంగా చేసుకునేవాళ్లు నెక్ కొనేముందు ఇది చదవండి

కావలిలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు. ఎలక్ట్రిక్ గిటార్ కావాలని రెండేళ్లుగా అడుగుతున్నాడు. బ్రిటిష్ రాక్ బృందం క్వీన్‌లోని బ్రయాన్ మే 1963లో వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టాడని, అప్పటి నుంచీ ప్రధానంగా దాన్నే వాయిస్తున్నాడని వాడే నాకు చూపించాడు. సరే, మనమూ చేద్దాం అన్నాను. డిసెంబర్‌లో మొదలుపెట్టాం. ఏప్రిల్ దాటేసరికి పదకొండు వేలు ఖర్చయ్యాయి, చేతిలో మాత్రం వాయించడానికి పనికొచ్చే వస్తువేమీ లేదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి ప్రయత్నం చేసే పిల్లలు ఇంకా ఉంటారు. మేం మోసపోయిన చోట వాళ్లూ మోసపోకూడదని వివరంగా రాస్తున్నాను.

అసలు దెబ్బ తగిలింది నెక్ దగ్గర, అంటే గిటార్‌కి ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి మెడ భాగం దగ్గర. ఆన్‌లైన్‌లో గిటార్ విడిభాగాలు అమ్మే ఒక దుకాణం నుంచి ఫ్రెట్లు (స్వరాల కోసం అడ్డంగా ఉండే లోహపు మెట్లు) బిగించి ఉన్న నెక్ తెప్పించాం. 4,200 రూపాయలు. స్కేల్ 648 మిల్లీమీటర్లు అని పేజీలో స్పష్టంగా రాసి ఉంది. స్కేల్ అంటే తీగ మోగే పొడవు, అంటే పైన నట్ (నెక్ చివర తీగలు ఆనే గాట్ల పట్టీ) దగ్గర నుంచి కింద బాడీ మీద ఉండే బ్రిడ్జ్‌పై తీగ ఆనే చోటు దాకా. ఫెండర్ కంపెనీ గిటార్లలో ఇది మామూలుగా 648 మిల్లీమీటర్లు, మన లెక్కలో 25.5 అంగుళాలు. గిబ్సన్‌లో 24.75 అంగుళాలు, అంటే దాదాపు 628. పన్నెండో ఫ్రెట్ ఈ పొడవుకు సరిగ్గా సగంలో పడాలి. ఒక్కో ఫ్రెట్ దగ్గర మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. 648కి మొదటి ఫ్రెట్ 36.4 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది.

దీన్ని బట్టి ఒక సంగతి అర్థం కావాలి. నెక్ మీద ఫ్రెట్ గాళ్లు కోసేశాక ఆ గిటార్ స్కేల్ ఇక మారదు. మా పెద్దమ్మ ఇంట్లో వీణ ఉండేది. దాని ఇరవై నాలుగు మెట్లూ మైనం మీద నిలబడి ఉంటాయి. శ్రుతి తేడా వస్తే మైనం వేడిచేసి మెట్టును కాస్త జరిపి మళ్లీ నిలుపుతారు. గిటార్ ఫ్రెట్ అలా కాదు, గాడిలో దిగితే దిగినట్టే. అందుకే గిటార్ బొమ్మ గీయడం నెక్ కొలతతోనే మొదలవ్వాలి. బ్రిడ్జ్ ఎక్కడ, పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే కాయిల్) గుంతలు ఎక్కడ అన్నవి ఆ తర్వాతే తేలతాయి.

నెక్ రావడానికి ఆరు వారాలు పట్టింది. ఈలోపు పేజీలో ఉన్న 648ని నమ్మి బొమ్మ గీశాం. సంక్రాంతి సెలవుల్లో బాడీ కోసేశాం, పికప్ గుంతలు తవ్వాం, బ్రిడ్జ్ రంధ్రాలు వేశాం. చేతికి రాని వస్తువును నమ్మి చెక్క కోయడం నేను చేసిన తప్పు. జనవరి చివర్లో నెక్ వచ్చింది. చూడటానికి చక్కగా ఉంది, పాలిష్ నున్నగా ఉంది. అప్పుడు పొలాల మోటార్లు వరసగా కాలి వస్తున్నాయి, షాపులో ఊపిరి సలపని పని. పెట్టెలోంచి తీసి చూసి, బీరువా మీద పెట్టేశాను.

పదకొండో రోజు రాత్రి బాడీకి బిగించి, ఒక్క తీగ మాత్రం లాగాం. ఖాళీ తీగ ట్యూనర్ యాప్‌లో సరిగ్గా నిలబడింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే అదే స్వరం పై స్థాయిలో రావాలి. రాలేదు. రెండు స్వరాల మధ్య ఎక్కడో మూలిగినట్టు వచ్చింది. మా వాడు మళ్లీ మళ్లీ నొక్కి చూశాడు, తన వేలు సరిగా పడటం లేదనుకున్నాడు పాపం. నాకు అనుమానం వచ్చి స్టీల్ స్కేలు తెచ్చి నట్ దగ్గర ఆనించాను. పన్నెండో ఫ్రెట్ 324 దగ్గర ఉండాలి. 314 దగ్గర ఉంది. అంటే మాకు పంపింది 628 నెక్.

సగంలో పది మిల్లీమీటర్ల తేడా అంటే బ్రిడ్జ్ దగ్గర ఇరవై. పొద్దున్నే ఫోన్ చేస్తే అమ్మినాయన "సార్, సాడిల్ స్క్రూలు తిప్పుకోండి, సెట్ అయిపోతుంది" అన్నాడు. ఈ మాట మీకూ చెబుతారు, నమ్మకండి. సాడిల్ అంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క, అది జరిగేది సెంటీమీటరు, మహా అయితే ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు. అదైనా ఒక్కో తీగ లావును బట్టి చిన్న సవరణ చేసుకోవడానికి ఇచ్చిన ఏర్పాటు. పోనీ బ్రిడ్జ్‌నే ఇరవై మిల్లీమీటర్లు ముందుకు జరుపుదామంటే అది పికప్ గుంత మీద కూర్చుంటుంది. ఆ మాట చెప్పేసరికి ఆయన గొంతు మారింది. వాపసు గడువు ఏడు రోజులేనని, అది దాటిపోయిందని పెట్టేశాడు. మూడో రోజుకి పేజీలో 648 అన్న అంకె కూడా మాయమైంది. ఆర్డర్ పెట్టిన రోజే మా వాడు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచాడు కాబట్టి సరిపోయింది.

మీరు కొంటే ఇలా చేయండి. ఆర్డర్ పెట్టకముందే, నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా స్కేలు ఆనించి ఫోటో పంపమని అడగండి. నిజంగా వస్తువు చేతిలో ఉన్న వ్యాపారికి అది రెండు నిమిషాల పని. పంపనని సాకులు చెబితే వదిలేయండి. పార్శిల్ తెరిచేటప్పుడు వీడియో తీయండి, అదే వీడియోలో కొలవండి. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, దాని చివర ఉన్న బిగింపు నట్‌ను అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, నెక్‌ను కంటికి ఎదురుగా పెట్టుకుని వంపు మారుతోందో లేదో చూడండి. ఆరు తీగలూ కలిసి నెక్‌ను లాగే బలం సుమారు 45 కిలోలు. దానికి ఎదురు నిలవాల్సింది ఆ కడ్డీనే, అది ఉత్తినే తిరుగుతుంటే ఆ నెక్ పనికిరాదు. ఇదంతా వచ్చిన రోజే చేయాలి, నాలా బీరువా మీద పెట్టకండి.

గడువు దాటింది కదా అని ఊరుకోకండి కూడా. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాత సగం డబ్బు ఇస్తామని కబురు వచ్చింది. నేను ఒప్పుకోలేదు. అక్కడ తేలకపోతే నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. వస్తువు విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

రెండో దెబ్బ చెక్క. నెల్లూరులో ఒక టింబర్ డిపోలో "ఏడాది ఎండిన టేకు" అని చెప్పి రెండు పలకలు ఇచ్చారు. అతికిస్తే ఇరవై అంగుళాల పొడవు, పద్నాలుగు అంగుళాల వెడల్పు, ఒకటీ ముప్పావు అంగుళం మందం. ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి అదే మామూలు మందం. పలకలు బరువుగా ఉంటే చేవ ఉన్న కర్ర కదా అని సంబరపడ్డాను. మన వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ నెలల్లో పక్కలు తెరిచి ఉన్న షెడ్డులో పేర్చిన కర్ర గాలిలోని తేమంతా పీల్చుకుని ఉంటుందని నాకు తట్టలేదు. ఏప్రిల్ ఎండలకి అతుకు దగ్గర గోరు పట్టేంత సందు వచ్చింది. నెక్ కూర్చోవడానికి తవ్విన గుంత వంకర తిరిగింది.

ఆ బాడీని ఉదయగిరి తీసుకెళ్లి, అక్కడ చెక్క గరిటెలు చేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన మిగిలిన ముక్కను చెంపకు ఆనించుకుని, "ఇంకా చల్లగా ఉంది చూడు నాయనా, లోపల నీళ్లున్నాయి" అన్నారు. పక్కనే ఉన్న పాత ముక్కను నా చెంపకు ఆనించారు. తేడా నిజంగానే తెలిసింది. తేమ మీటర్ ఉంటే 12 శాతం లోపు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కిరాణా షాపు కాటా చాలు. వారానికోసారి తూచి పలక మీదే పెన్సిల్‌తో రాయండి. బరువు తగ్గుతూ ఉన్నంతకాలం అది ఎండుతున్నట్టే, రంపం ముట్టుకోకండి. మా దగ్గర మిగిలిన పలక అయిదు వారాల్లో ఎనిమిది వందల గ్రాములు తగ్గింది. అదంతా నేను టేకు ధర పెట్టి కొన్న నీళ్లు. బ్రయాన్ మే నెక్‌కి వాడింది వందేళ్లు దాటిన పొయ్యిగూటి మహాగని చెక్క. మనకూ పాత ఇళ్లు పడగొట్టేచోట ద్వారబంధాలు, దూలాలు దొరుకుతాయి. కొత్త పలక కంటే అవే నయం, కాకపోతే మేకులు వెతికి తీసేయాలి.

ఇంకొకాయన ఫోన్‌లో ఫ్రెట్‌బోర్డుకి (నెక్ మీద ఫ్రెట్లు బిగించే పలకకి) ఎర్రచందనం ముక్క ఇప్పిస్తానన్నాడు. మన వెలికొండల పక్కన ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, అటవీశాఖ అనుమతి కాగితం లేకుండా అది ఇంట్లో ఉంటే కేసు. పిల్లలు గిటార్ మోజులో అలాంటి మాటలకు లొంగకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ విషయం గట్టిగా చెప్పండి.

ఇంటర్‌నెట్‌లో దొరికే ప్లాన్‌ను జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించేటప్పుడు "పేజీకి సరిపోయేలా" అన్న ఆప్షన్ తీసేయమనండి. అది ఉంటే బొమ్మ కొద్దిగా కుంచించుకుపోతుంది, కంటికి తెలియదు. బొమ్మలో ఒక మూల వంద మిల్లీమీటర్ల గీత పెట్టించి, ప్రింట్ మీద దాన్ని కొలిచాకే డబ్బివ్వండి.

పికప్ సొంతంగా చుట్టుకుందామనుకునేవాళ్లకి నా వృత్తిలోంచి ఒక మాట చెప్పాలి, ఇది మాత్రం నాకు బాగా తెలిసిన పని. విదేశీ వీడియోల్లో "42 గేజ్ తీగ" అంటారు. అది అమెరికన్ గేజ్, మందం 0.063 మిల్లీమీటర్లు. మన షాపుల్లో వైండింగ్ తీగ బ్రిటిష్ గేజ్ లెక్కన, ఎస్‌డబ్ల్యూజీలో అమ్ముతారు. 42 అని అడిగితే 0.10 మిల్లీమీటర్ల తీగ ఇస్తారు. ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా పికప్‌కి దాదాపు ఎనిమిది వేల చుట్లు కావాలి. ఈ లావు తీగతో బాబిన్‌లో సగం చుట్లు కూడా పట్టవు. ఎస్‌డబ్ల్యూజీ 46 అని అడగండి. తెరిచిన రీలు వాపసు తీసుకోరు కాబట్టి మైక్రోమీటర్ పెట్టి చూశాకే బిల్లు వేయించండి. రెడీమేడ్ పికప్ కొంటే మల్టీమీటర్ పెట్టండి, ఒకే కాయిల్ ఉన్న (సింగిల్ కాయిల్) పికప్‌కి అయిదున్నర నుంచి ఏడు కిలో ఓమ్‌ల దాకా చూపించాలి. అసలు ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టే.

ఆ 628 నెక్ ఇంకా నా దగ్గరే ఉంది, ఫిర్యాదు తేలేదాకా దాన్ని కదిలించను. 648 అని రాసి ఉన్న నెక్ ఇటీవల ఎవరైనా ఆన్‌లైన్‌లో తెప్పించి ఉంటే ఈ రాత్రే స్కేలు పెట్టి చూసుకోండి, నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 324 రావాలి. మేం ఇప్పుడు ఒక పాత ద్వారబంధం ముక్క తెచ్చి మేడ గదిలో పెట్టాం. అంతకుముందు ఆదివారం 5 కిలోల 250 గ్రాములు, మొన్న ఆదివారం 5 కిలోల 240. ఆ అంకెలు మా వాడే రాస్తున్నాడు.