సీటు బెల్టు: శుభ్రం చేస్తే చాలా, మార్చాలా?
బెల్టు నెమ్మదిగా వెనక్కి చుట్టుకుంటోందంటే చాలాసార్లు కారణం మురికే. భుజం దగ్గరి లూపులో చెమట, దుమ్ము జిడ్డుగా పేరుకుంటాయి. బెల్టును పూర్తిగా లాగి, వెనక్కి పోకుండా క్లిప్పు పెట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడవండి. బ్లీచ్ మాత్రం వద్దు, పోగులు బలహీనపడతాయి. బాగా ఆరాకే వదలండి. ఖర్చు దాదాపు ఉండదు.

అంచులు చిరిగినా, గట్టిగా గుంజినప్పుడు లాక్ పడకపోయినా తుడవడం దండగ. మొత్తం యూనిట్ మార్చాల్సిందే. ప్రమాదంలో ప్రిటెన్షనర్ (ఢీకొన్న క్షణంలో బెల్టును బిగించే భాగం) పేలిందంటే ఇక రెండో మాటే లేదు: అందులోని పేలుడు మందు ఒక్కసారికే పనిచేస్తుంది. పేలని ప్రిటెన్షనర్‌ను మామూలు మల్టీమీటర్‌తో పరీక్షించకండి, పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే మెకానిక్ చెయ్యి పెట్టాలి. చవకగా వస్తుందని పాత కారు బెల్టు కొనమని నేను ఎవరికీ చెప్పను. అది ఏ ప్రమాదం చూసిందో పైకి కనిపించదు.