ముప్పై ఏళ్ళు దాటిన కొబ్బరి పీచు సీట్లు: మా అంబాసిడర్ అనుభవం

అంబాసిడర్ ఇంజను గురించి, మైలేజీ గురించి మళ్ళీ చెప్పను. ఆ బండి ఎక్కని ఇల్లు మా కోనసీమ వైపు లేదు. నేను చెప్పాలనుకున్నది సీట్ల గురించి. 1992లో మా మార్క్ 3 మోడల్ అంబాసిడర్ సీట్లలో ఫోమ్ తీసేసి కొబ్బరి పీచు కూరించాం. ఆ బండికి చేయించిన పనులన్నిటిలో నాకు ఇప్పటికీ ప్రాణంలా ఉండేది అదొక్కటే.

నాన్నగారు దాన్ని 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కొత్త బండి కొనే స్తోమత లేదు. తోటలో కొబ్బరికాయ దింపు డబ్బులు వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చేయించేవాళ్ళం. ముందు టింకరింగు, పెయింటింగు. తర్వాత నోవా గ్రిల్ (కొత్త అంబాసిడర్ మోడల్‌కి ముందుండే జాలీ), హాలోజన్ బల్బులు, టేప్ రికార్డరు. గ్రిల్ తుప్పు పట్టింది, టేప్ రికార్డరు రెండేళ్ళు పాడి ఊరుకుంది. ఆ డబ్బులు దండగేనని ఇప్పుడనిపిస్తుంది.

సీట్ల సంగతి వేరు. పాత ఫోమ్ పసుపు పిండిలా రాలి బట్టలకి అంటుకునేది. కూర్చుంటే స్ప్రింగు గుచ్చుకునేది. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన 2002లో గానీ రాలేదు. అంతకుముందు మేం కాకినాడ వెళ్ళాలంటే రావులపాలెం, జొన్నాడ మీదుగా చుట్టూ తిరిగేవాళ్ళం. దిగేసరికి నాన్నగారి నడుం పట్టేసేది. కొత్త ఫోమ్ ధర విని వెనక్కి తగ్గాం. అప్పుడు కుషన్ పని చేసే తాతగారొకాయన, "ఊరినిండా పీచు పెట్టుకుని ఫోమ్ ఎందుకండీ?" అన్నారు. మా దగ్గర డొక్కలు (కొబ్బరికాయ మీది పీచు తొక్కలు) కొనే పీచు ఫ్యాక్టరీ వాళ్ళు రెండు బస్తాలు ఊరికే ఇచ్చారు. ఖర్చల్లా రెగ్జిన్, కూలీ.

పని మా అరుగు మీదే జరిగింది. స్ప్రింగుల్ని పురికొసతో ఒకదానికొకటి బిగించి, పైన గోనెపట్టా పరిచారు. పీచుని వేళ్ళతో ఏకి, కర్రతో కొట్టి పొట్టు రాల్చారు. పలచటి పొరలుగా వేస్తూ ఒక్కో పొరనీ దబ్బనంతో గోనెకి కుట్టారు. ప్రతి పొర తర్వాతా దాని మీద కూర్చుని లేచి చూసేవారు. గుంట మిగిలితే అక్కడ ఇంకో గుప్పెడు. వెనక సీటులో వీపు ఆనే భాగానికి మాత్రం మామయ్య పట్టుబట్టి ఫోమ్ వేయించారు, మెత్తగా ఉంటుందని.

మొదటి నెల పీచు కొసలు రెగ్జిన్‌లోంచి పొడుచుకొచ్చి పంచెలకి పట్టేవి. తాతగారు మళ్ళీ వచ్చి మధ్యలో దూది పొర, పాత పంచె గుడ్డ వేసి సరిచేశారు. ఆ తర్వాత ఎంత ఎండలోనైనా ఆ సీటు మీద ఒంటికి చెమట పట్టడం తగ్గింది. లోపల గాలి ఆడుతుంది మరి. నాన్నగారు నడుం మాటే ఎత్తలేదు.

అసలు పరీక్ష 1996 నవంబరు 6 రాత్రి వచ్చింది. ఆ తుఫాను కోనసీమని ఏం చేసిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే మా తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. కొబ్బరి మట్ట పడి కారు వెనక అద్దం పగిలింది. లోపల నీళ్ళు సీటు అంచుదాకా నిలిచాయి. నీళ్ళు తీశాక డోరు తెరిస్తే బురద వాసన. సీట్లు పోయాయనే అనుకున్నాం. ఇల్లు కప్పుకోవడానికే డబ్బుల్లేని సమయం, కారు సీట్ల గురించి ఎవరు ఆలోచిస్తారు?

తాతగారి ఇల్లూ కూలిపోయింది. అయినా ఆయన అటుగా వెళ్తూ ఆగి సీటు చూశారు. "డొక్కని నెలల తరబడి నీళ్ళలో నానబెడతాం కదండీ, అప్పుడు కుళ్ళనిది ఇప్పుడేం కుళ్ళుద్ది? విప్పి ఎండేయండి" అన్నారు. అడుగు కుట్లు కోసి పీచంతా తీసి, బోరింగు నీళ్ళతో బురద పోయేదాకా కడిగి అరుగు మీద పరిచాం. నాలుగు రోజుల ఎండకి చేత్తో నొక్కితే మళ్ళీ పైకి లేచింది. అదే పీచు తిరిగి కూరాం. మామయ్య వేయించిన ఫోమ్ మాత్రం వారమైనా ఆరలేదు, పిండితే నల్లటి నీళ్ళు కారాయి. పారేశాం. పీచులో లిగ్నిన్ (చెక్కకి గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎక్కువ కాబట్టి నీటికి త్వరగా పాడవదని తర్వాత చదివాను. వెనకటికి పడవల తాళ్ళు పీచుతో పేనింది అందుకే.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఈ సీట్లకి చావు లేదని కనపడినవాళ్ళందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సరిచేసుకోవాలి. 2003కల్లా డ్రైవరు కూర్చునే చోట పీచు అణిగి గట్టిపడింది. విప్పి ఏకిస్తే సగం ముక్కలై రాలింది, సగమే తిరిగి పనికొచ్చింది. స్ప్రింగులకి తుఫాను నాటి తుప్పు అలాగే ఉంది. బండి ఆరునెలలు కదలకుండా ఉంటే ఎలకలు గూడు కడతాయి, మాకు రెండుసార్లు కట్టాయి. సన్నటి పొట్టు రాలుతూనే ఉంటుంది. మా అక్కకి ఆయాసం. ఎండాకాలం అద్దాలన్నీ దించితే తప్ప ఆవిడ మా కారెక్కరు. ఆయాసం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పని నేను చేయించమనను.

2014లో ముందు సీటుకి రబ్బరు పాలు పట్టించి అచ్చులో నొక్కిన పీచు షీట్లు వేయించాను. పొట్టు రాలదు, ఆకారం చెడలేదు. ఖర్చు ఎక్కువ. నీళ్ళలో మునిగితే ఎలా ఉంటుందో చూసే అవసరం ఇంతవరకూ రాలేదు.

మాకు డొక్క ఇంట్లోది, పీచు పక్క ఊళ్ళోది, బండి నెలకి రెండుసార్లు అమలాపురం దాకా వెళ్ళి వచ్చేది. అందుకే మాకు కలిసొచ్చింది. రోజూ తిప్పే బండైతే పీచు ఏకి కుట్టే మనిషి దగ్గరలో ఉండాలి. తాతగారు పోయారు. వాళ్ళబ్బాయి ఇప్పుడు సోఫాలు కుడుతున్నాడు, చేతిలో పని మాత్రం తండ్రిదే. సంక్రాంతి వెళ్ళాక వెనక సీటు విప్పడానికి వస్తానన్నాడు. పీచు రెండు బస్తాలు అటక మీద పెట్టి ఉంచాను.