కోబీ దారా, డంకన్ దారా: కుర్ర ఆటగాడికి ఏది మేలు?

అమెరికా బాస్కెట్‌బాల్ దిగ్గజాలు కోబీ బ్రయంట్, టిమ్ డంకన్ ఇద్దరూ 2016లోనే ఆటకు వీడ్కోలు చెప్పారు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఇద్దరికీ ఐదేసి టైటిళ్లు. కోబీ 20 సీజన్లూ లేకర్స్ జట్టుకే ఆడాడు, డంకన్ 19 సీజన్లూ స్పర్స్ జట్టుకే ఆడాడు. మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి కూడా 2020లో ఒకే జాబితాలో ఎంపికయ్యారు. కోబీ హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన ఏడాది అది. చివరికి ఇంత దగ్గరగా వచ్చిన ఈ ఇద్దరి ఆరంభాలకు మాత్రం పొంతనే లేదు. కోబీ స్కూలు అయిపోగానే, 17 ఏళ్లకే నేరుగా ఎన్‌బీఏకి వెళ్లిపోయాడు. డంకన్ నాలుగేళ్లు కాలేజీలో ఉండి, డిగ్రీ చేతికొచ్చాకే, 21 ఏళ్లకు వెళ్లాడు.

వీళ్లలో ఎవరు గొప్ప ఆటగాడన్న వాదన జోలికి నేను పోను, అది ఎప్పటికీ తెగదు. దారి విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది. నూటికి తొంభై మంది కుర్రాళ్లకు డంకన్ దారే మేలు.

అలాగని కోబీ దారిని తేలిగ్గా తీసేయలేం. అతని తండ్రి జో బ్రయంట్ ఎన్‌బీఏలో ఆడినవాడు. తర్వాత ఇటలీ క్లబ్బులకు ఆడటంతో కోబీ ఆరేళ్ల వయసు నుంచి అక్కడే పెరిగాడు. ప్రొఫెషనల్ ఆటగాళ్ల ప్రాక్టీసు అతనికి ఇంటి వ్యవహారం. అమెరికా తిరిగొచ్చాక లోయర్ మెరియన్ స్కూలును 1996లో రాష్ట్ర చాంపియన్‌గా నిలబెట్టాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, షార్లెట్ హార్నెట్స్ జట్టు 13వ ఆటగాడిగా ఎంచుకుని, వ్లాడే దివాచ్ అనే ఆటగాడికి బదులుగా లేకర్స్‌కు ఇచ్చేసింది. అప్పటికి కోబీ మైనరు. కాంట్రాక్టు మీద అమ్మానాన్నలూ సంతకం పెట్టాల్సి వచ్చింది.

మొదటి సీజన్ చాలావరకు బెంచీ మీదే గడిచింది. సగటు 7.6 పాయింట్లు. ఇక 1997 మే నెలలో యూటా జాజ్ జట్టుతో ప్లేఆఫ్స్ (లీగ్ మ్యాచ్‌ల తర్వాత టైటిల్ కోసం జరిగే పోరు) ఐదో మ్యాచ్ ఈ దారిలో ఉన్న కష్టాన్ని కళ్లకు కడుతుంది. లేకర్స్ స్టార్ షకీల్ ఓనీల్ ఫౌల్స్‌తో బయటికెళ్లిపోయాడు. స్కోరు సమంగా ఉంది. చివరి షాట్ 18 ఏళ్ల కుర్రాడి చేతికి వచ్చింది. బంతి రింగును కూడా తాకలేదు. ఓవర్‌టైమ్‌లో మరో మూడు సార్లు అదే కథ. లేకర్స్ ఇంటిదారి పట్టింది. తప్పు చేతిలో లేదు, కాళ్లలో ఉంది. స్కూలు సీజన్ అంటే ముప్పై చిల్లర మ్యాచ్‌లు, ఎన్‌బీఏలో లీగ్ మ్యాచ్‌లే 82. అన్నేసి మ్యాచ్‌లకు ఆ లేత ఒళ్లు ఇంకా అలవాటు పడలేదు.

ఆ రాత్రిని కోబీ తట్టుకుని నిలబడ్డాడు. మరుసటి సీజన్లో సొంత జట్టులో దాదాపు ప్రతి మ్యాచ్‌కీ బెంచీ నుంచే దిగుతూ కూడా, అభిమానుల ఓట్లతో 19 ఏళ్లకే, లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలుపెట్టిన ఐదుగురిలో ఒకడయ్యాడు. 2000లో మొదటి టైటిల్ గెలిచేనాటికి వయసు 21. డంకన్ ఆ వయసుకు అప్పుడే లీగ్ గడప తొక్కుతున్నాడు.

కానీ ఆ తలుపు తోసుకుని వెళ్లినవాళ్లందరి సంగతీ చూడాలి. కోర్లియోన్ యంగ్ 1998లో స్కూలు నుంచి నేరుగా వచ్చి డెట్రాయిట్‌కు మూడే మూడు మ్యాచ్‌లు ఆడాడు. 2001లో క్వామే బ్రౌన్‌ను వాషింగ్టన్ ఏకంగా మొదటి ఆటగాడిగా ఎంచుకుంది. ఆ బరువు మోయలేక అతను పడిన అవస్థ అందరూ చూశారు. లెనీ కుక్‌ను 2002 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ పిలవలేదు. స్కూలు నుంచే నేరుగా వచ్చి మెరిసిన కెవిన్ గార్నెట్, లెబ్రాన్ జేమ్స్ పేర్లు చెప్పి కొడుకును పంపే తండ్రి ఈ ముగ్గురి పేర్లూ గుర్తుపెట్టుకోవాలి.

ఇక డంకన్. ఇతని కథ చెప్పుకుంటుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ క్రాయ్ ద్వీపంలో పుట్టాడు. అసలు ఆట ఈత. అక్క ట్రిషియా 1988 ఒలింపిక్స్‌లో ఈదింది, తమ్ముడూ అదే బాటలో ఉన్నాడు. 1989లో హ్యూగో తుఫాను ద్వీపంలో ఉన్న పెద్ద ఈతకొలనును నాశనం చేసింది. సముద్రంలో ప్రాక్టీసు చేద్దామంటే సొరచేపల భయం. మరుసటి ఏడాది, అతని 14వ పుట్టినరోజుకు ముందురోజు తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. డిగ్రీ పూర్తి చేస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఈత పోటీలకు మళ్లీ వెళ్లలేదు. తొమ్మిదో తరగతిలో బాస్కెట్‌బాల్ పట్టాడు.

1993లో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో చేరాడు. మొదటి మ్యాచ్‌లో చేసిన పాయింట్లు సున్నా. ఆ సున్నాను దేశమంతా చూడలేదు, ఏ పేపరూ ఏకిపారేయలేదు. కోచ్ డేవ్ ఓడమ్ ఆడిస్తూనే ఉన్నాడు. 1996కల్లా కావాలంటే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు వెళ్లిపోయే స్థాయికి వచ్చాడు. అంటే కోబీ వచ్చిన డ్రాఫ్ట్‌లోనే! వెళ్లలేదు. అమ్మకిచ్చిన మాట కోసం ఆగాడు. చివరి ఏడాది సగటున 20.8 పాయింట్లు, 14.7 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), సైకాలజీలో డిగ్రీ.

1997లో స్పర్స్ మొదటి ఆటగాడిగా తీసుకుంది. మొదటి సీజన్లోనే సగటు 21.1 పాయింట్లు, ఆ ఏటి మేటి కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డు. రెండో సీజన్లో టైటిల్, ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ) అవార్డు. అతని ఆట చూసినవాళ్లకు ఆ షాట్ మరపురాదు. ఎడమ పక్కన బంతి అందుకుంటాడు, రింగు వైపు తిరుగుతాడు, ఒక్క క్షణం ఆగుతాడు. బోర్డు మీద గీసిన చదరానికి పైమూలలో బంతిని తాకిస్తాడు, అది వలలోకి జారుతుంది. ఎగరడం లేదు, హడావిడి లేదు. అందుకే నలభై ఏళ్లు వచ్చేదాకా ఆడగలిగాడు. ఆ 19 సీజన్లలో స్పర్స్ ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు దూరం కాలేదు.

డంకన్ దారిలో ప్రమాదం లేకపోలేదు. కాలేజీలో మోకాలు విరిగి ఉంటే కోట్లు పోయేవి. ఆ రోజుల్లో అది చిన్న భయం కాదు, ఇల్లు గడవని కుటుంబాలకు కోబీ దారి తప్పనిసరి అనిపించడంలో న్యాయం ఉంది. కానీ 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. కోబీ దారికి ఉన్న అతిపెద్ద బలం అక్కడే తగ్గిపోయింది. పైగా 2006 డ్రాఫ్ట్ నుంచి డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్లు నిండనిదే, స్కూలు దాటి ఏడాది కానిదే అమెరికా కుర్రాళ్లకు ఎన్‌బీఏ తలుపు తెరుచుకోదు.

మన దేశపు ఉదాహరణా ఉంది. పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీలో తయారై, కాలేజీకి వెళ్లకుండానే 2015 డ్రాఫ్ట్‌లో పేరిచ్చాడు. డాలస్ 52వ స్థానంలో తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఎన్‌బీఏలో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. రోజూ నిమిషాలకు నిమిషాలు మ్యాచ్ ఆడించే ఒక కాలేజీ జట్టు మూడేళ్లు దొరికి ఉంటే అతని కథ వేరేలా ఉండేదని నా నమ్మకం.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో బంతి పట్టిన పిల్లలు ఉంటే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. కాలేజీని ఎంచుకునేటప్పుడు దాని పేరు కాదు, మొదటి ఏడాది మీవాడిని ఎన్ని నిమిషాలు ఆడిస్తారో కోచ్‌ను అడగండి. రెండో ఏడాది అయ్యాక కావాలంటే డ్రాఫ్ట్‌కు పేరివ్వొచ్చు, జట్లు ఏమంటున్నాయో విని, గడువులోపు పేరు వెనక్కి తీసుకుని మళ్లీ క్లాసుకు వెళ్లొచ్చు.