సీఎంవీ ప్రమోటరా, కాలేయపు ప్రమోటరా: ఏది మేలు?

2021 ఆగస్టులో మన దేశంలో అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డి, మనుషుల కోసం అనుమతి దక్కిన తొలి డీఎన్‌ఏ టీకా. సూది లేకుండా చర్మంలోకి చిమ్మే ఆ ప్లాస్మిడ్‌లో (గుండ్రటి డీఎన్‌ఏలో) కరోనా స్పైక్ జన్యువు ఉంటుంది. దాన్ని నడిపించేది మాత్రం సైటోమెగలో అనే వేరే వైరస్ నుంచి తెచ్చుకున్న ముక్క, సీఎంవీ ప్రమోటర్. ప్రమోటర్ అంటే జన్యువును పలికించి ప్రొటీన్ చేయించే డీఎన్‌ఏ మీట. మరుసటి ఏడాది, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియాకు అనుమతి పొందిన హెమ్‌జెనిక్స్, రాక్టేవియన్ జన్యు చికిత్సల్లో సీఎంవీ జాడే లేదు. రెండు చోట్లా చేసే పని పరాయి జన్యువుతో ప్రొటీన్ చేయించడమే. మరి మీట ఎందుకు మారింది?

సీఎంవీ గడ్డిమంట లాంటిది. దాదాపు ఏ కణంలో వేసినా గుప్పున అంటుకుంటుంది. పొడవు కూడా సుమారు 600 బేస్ జతలే (డీఎన్‌ఏ అక్షరాలే). కానీ కాలేయంలో కొన్ని వారాలకే చల్లబడుతుంది. కణం దాని మీద మెథైల్ ముద్రలు కొట్టి మూసేస్తుంది. ఒంట్లో వాపు రేగినప్పుడు పుట్టే ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే సంకేత ప్రొటీన్లు కూడా దాన్ని అణచేస్తాయి.

టీకాకు ఇదేమీ లోటు కాదు. రోగనిరోధక వ్యవస్థ కంటపడేంత ప్రొటీన్ కొద్దిరోజులు తయారైతే చాలు, ఆ తర్వాత ఆరిపోయినా నష్టం లేదు. కనిపించిన ప్రతి కణంలోనూ పనిచేయడం ఇక్కడ వరమే: ప్రొటీన్ ముక్కల్ని టీ కణాలకు చూపించే డెండ్రైటిక్ కణాల్లో కూడా జన్యువు పలకాలి కదా.

హీమోఫీలియాలో కథ అడ్డం తిరుగుతుంది. కొత్తగా పుట్టే, రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్‌ను అదే డెండ్రైటిక్ కణం పట్టుకుని చూపిస్తే, దాని మీద యాంటీబాడీలు లేచి చికిత్స మొత్తం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అందుకే కాలేయ కణాల్లో మాత్రమే పలికే ఎల్‌పీ1 ప్రమోటర్‌ను హెమ్‌జెనిక్స్‌లో పెట్టారు. రాక్టేవియన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. అందులో కుదించిన ఫ్యాక్టర్ 8 (గడ్డకట్టించే ప్రొటీన్లలో ఒకటి) జన్యువే సుమారు 4,400 బేస్ జతలు. మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో పట్టేది 4,700 చిల్లర. అలాంటి చోట దాదాపు 250 బేస్ జతల కాలేయపు ప్రమోటర్ హెచ్‌ఎల్‌పీ దొరకడం అదృష్టమే. అయినా ఏళ్లు గడిచేకొద్దీ రాక్టేవియన్ ఇచ్చే ఫ్యాక్టర్ 8 తగ్గుతూ వచ్చింది. ఆ నేరమంతా ప్రమోటర్ మీదకు నెట్టలేం.

ల్యాబుల్లో అందరికీ ముద్దొచ్చేది సీఏజీ ప్రమోటర్. సీఎంవీ ఎన్‌హాన్సర్ (ప్రమోటర్ బలాన్ని పెంచే ముక్క), కోడి బీటా ఆక్టిన్ ప్రమోటర్, కుందేలు గ్లోబిన్ తోక కలిపిన అతుకుల బొంత. బలమూ ఉంది, సీఎంవీ కన్నా నిలకడా ఎక్కువే. కాకపోతే 1,700 బేస్ జతల దాకా చోటు తింటుంది. దాని దగ్గరి చుట్టమైన సీఎంవీ, కోడి ఆక్టిన్ సంకరమే వెన్నెముక కండర క్షీణతకు ఇచ్చే జోల్‌జెన్‌స్మాలో ఉంది. ఆ జబ్బులో లోపించే ఎస్‌ఎంఎన్ జన్యువు 900 బేస్ జతలకు మించదు, పైగా ఆ ప్రొటీన్ ఒంటినిండా కావాల్సిందే కాబట్టి అక్కడ చెల్లింది.

రక్త మూలకణాల దగ్గర మాత్రం బలాన్ని చూసి మురిసిపోకూడదు. అక్కడ జన్యువు క్రోమోజోములోనే దూరి కూర్చుంటుంది. పారిస్‌లో 1999లో మొదలైన స్కిడ్ (పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని జబ్బు) చికిత్సలో రెట్రోవైరస్ తాలూకు ఎన్‌హాన్సర్ పక్కనున్న ఎల్‌ఎంఓ2 అనే క్యాన్సర్ జన్యువును తట్టిలేపి కొందరు పిల్లలకు లుకేమియా తెచ్చింది. తర్వాతి వెక్టర్లలో (జన్యువును మోసే వాహకాల్లో) ఆ ఎన్‌హాన్సర్‌ను కోసేసి, మనిషి జన్యువు నుంచి తీసిన పొట్టి ఈఎఫ్1 ఆల్ఫా ప్రమోటర్ పెట్టారు. మన వెల్లూరు సీఎంసీలో ఐదుగురు హీమోఫీలియా రోగులకు మూలకణాల ద్వారా ఇచ్చి, 2024లో ఫలితాలు ప్రకటించిన చికిత్సలో సీడీ68 ప్రమోటర్ వాడారు. అది ప్రధానంగా మోనోసైట్లనే తెల్ల రక్తకణాల వంశంలోనే పలుకుతుంది. నా ఓటు ఇలాంటి కట్టడికే.

కొత్తగా ప్లాస్మిడ్ కట్టేవాళ్లు ఒకచోట తరచూ బోల్తాపడతారు. ల్యాబులో పెంచే హెక్ 293 మానవ కణాల్లో మెరిసే ప్రొటీన్ జన్యువుతో కలిపి వేసి, 48 గంటల తర్వాత వెలుగు కొలుస్తారు. ఆ పందెంలో గడ్డిమంటే సులువుగా గెలుస్తుంది. టీకా కోసమైతే ఆ ఫలితం కొంత పనికొస్తుంది. కాలేయానికైతే ఎలుకలో ఆర్నెల్లు ఆగి మళ్లీ కొలవండి.