మహేశ్వర్‌లో మగ్గం దగ్గర కొన్న చీర, ఏడాది కట్టాక చెప్తున్నా

మాది మంగళగిరి, మా నాన్న ముప్పై ఏళ్ళు గుంట మగ్గం మీద కూర్చున్నాడు, నేను స్కూల్ నుంచి రాగానే కండెలు చుట్టేదాన్ని, అందుకని ఏ చీరైనా చేతిలోకి వస్తే ముందు అంచు తిరగేసి చూస్తా. పోయిన ఏడాది జనవరిలో ఇండోర్‌లో ఆఫీస్ పని పడితే శని ఆదివారాలు కలుపుకుని అదే మధ్యప్రదేశ్‌లో ఉన్న మహేశ్వర్ వెళ్ళా, అమ్మకి ఒక చీర తెచ్చా. అప్పుడే రాద్దామనుకున్నా గానీ చీర సంగతి నాలుగు ఉతుకులు పడితేగానీ తెలీదు కదా, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ఇండోర్ నుంచి 90 కిలోమీటర్లు ఉంటుంది, బొంబాయి రోడ్డు మీద ధామ్‌నోద్ దాకా వచ్చి అక్కడ లోపలికి తిరగాలి. నర్మద ఒడ్డున చిన్న ఊరు, ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచేయొచ్చు. ఇండోర్ ఏలిన మరాఠా రాణి అహల్యాబాయి హోల్కర్ 1767లో రాజ్యం చేతికొచ్చాక రాజధాని ఇక్కడికి మార్చుకుంది, 1795లో పోయేదాకా ఇక్కడే ఉంది. మనోళ్ళు కాశీ వెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చే విశ్వనాథుడి గుడి, ఇప్పుడున్నది, 1780లో కట్టించింది ఈవిడే. అంత చేసిన మనిషి కూర్చున్న గద్దె కోటలో చూపిస్తారు, తెల్ల పరుపు, దిండు, ఇంకేం లేదు, నాకు అక్కడ కళ్ళు చెమర్చాయి. పాత మాహిష్మతి ఇదేనని ఊళ్ళో అందరి నమ్మకం, కార్తవీర్యార్జునుడి పేరు మీద గుడి కూడా ఉంది, లోపల 11 నేతి దీపాలు ఆరకుండా వెలుగుతూ ఉంటాయి.

ఈ ఊరికి నేత తెచ్చింది కూడా ఆవిడేనంటారు, బయటి ఊళ్ళ నుంచి నేతగాళ్ళని పిలిపించి ఇళ్ళిచ్చి నిలబెట్టిందని. తర్వాత మగ్గాలు బాగా తగ్గిపోతే 1970ల చివర్లో హోల్కర్ల కుటుంబం వాళ్ళే రేవా సొసైటీ అని మొదలుపెట్టి ఆడవాళ్ళకి నేత నేర్పించారు. రేవా అంటే నర్మదకి ఇంకో పేరు.

సరే, చీర కొనడం. మొదట ఘాట్‌కి వెళ్ళే దారిలో ఒక షాపులోకి వెళ్ళా, పేరెందుకులెండి, చేనేత అని చెప్పి 2,800 చెప్పాడు. అంచు తిరగేస్తే వెనకంతా దారాలు కత్తిరించిన మొనలే, గుడ్డ మరీ సమానంగా ఉంది, అది పవర్‌లూమ్ గుడ్డ. అడిగితే "హ్యాండ్‌లూమే మేడమ్" అని మళ్ళీ అదే మాట. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే మా మంగళగిరి పేరు మీద కూడా ఇదే మోసం నడుస్తోంది, నేసినవాడి కడుపు కొట్టేది ఇదే.

అక్కడి నుంచి బయటికొచ్చి ఊళ్ళో సందుల్లో నడిస్తే మగ్గం చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు పట్టుకుని వెళ్తే ఒక ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకావిడ నేస్తోంది. "భాభీ, చూడొచ్చా" అంటే "ఆయియే దీదీ" అని పీట వేసింది. మా దగ్గరలాగా గుంట లేదు, ఫ్రేమ్ మగ్గం, కాళ్ళు నేల మీదే. పడుగు, అంటే నిలువు దారం, సిల్కు, పేక, అంటే అడ్డ దారం, నూలు, దాన్ని నీమ్ రేష్మి అంటారు, అంటే సగం పట్టు, చీర తేలిగ్గా ఉండేది అందుకే. మా నాన్న నేసేది నూలు మీద నూలు, దాని బరువు దానిది, ఇది మడత విప్పితే గాలికి లేచిపోతుంది.

అసలు సొగసంతా అంచులో ఉంది. బుగ్డీ అంటారు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఎటు తిప్పి కట్టినా తేడా కనపడదు. డిజైన్ పేర్లు ఆవిడ చెప్తుంటే రాసుకున్నా, చటాయి అంటే చాప అల్లిక, ఈంట్ అంటే ఇటుక, హీరా అంటే వజ్రం, చమేలీ పువ్వు. సాయంత్రం కోట మెట్లు దిగుతుంటే గోడ రాళ్ళ మీద అవే చెక్కడాలు కనిపించాయి, ఒక్కోటి చేత్తో తడిమి చూస్తూ దిగా. కొంగు మీద అయిదు చారలు, మూడు రంగువి, మధ్యలో రెండు తెల్లవి, పాత పద్ధతి అదేనట.

మీరు కొనేటప్పుడు అంచుల వెంబడి సన్నగా సూది గుచ్చినట్టు చిల్లులున్నాయేమో చూడండి, మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా లాగి పట్టే కర్ర ముళ్ళ గుర్తులవి. ఒక పడుగు దారం అడిగి తీసుకుని కాల్చండి, పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, ఉన్న చీరే గానీ ట్యాగ్ కాగితం కన్నా మీ చేతిని నమ్ముకోండి.

మెరూన్ మీద ఆకుపచ్చ అంచు, 4,500 చెప్పింది, బేరం ఆడలేదు. మూడు రోజుల పని అంది, మగ్గం ఎక్కించే పని అది కాక, నేత ఇంట్లో పుట్టినదాన్ని ఏ నోటితో తగ్గించమంటాను.

ఆ రోజే తిరిగి ఇండోర్ వెళ్ళిపోకండి, రాత్రి ఉండండి. పొద్దున్న ఆరింటికి ఘాట్ మీద బట్టలుతికే చప్పుడు, నర్మద చుట్టూ కాలినడకన పరిక్రమ (ప్రదక్షిణ) చేసేవాళ్ళు కర్ర పట్టుకుని ఎదురైతే "నర్మదే హర్" అంటారు, మనమూ అనాలి. నది మధ్యలో బాణేశ్వర్ గుడికి పడవ ఉంది, రేటు ముందే మాట్లాడుకోండి. టిఫిన్ పోహా జిలేబీ, రెండు రోజులు అదే తిన్నా విసుగనిపించలేదు. ఎండాకాలం మాత్రం వద్దు, ఈ నిమాడ్ ప్రాంతం ఎండ మన రెంటచింతల ఎండలాగే ఉంటుంది.

ఏడాది తర్వాత చీర సంగతి. మొదటి ఉతుకులో మెరూన్ రంగు కొంచెం దిగింది, రెండోసారి నుంచి ఆగిపోయింది, మొదటిసారి విడిగా చల్లనీళ్ళలో జాడించండి. పల్చన కాబట్టి లోపల లంగా రంగు కలవాలి. ముడతలు త్వరగా పడతాయి. జరీ నల్లబడలేదు, అంచు ఎక్కడా లాగలేదు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పది నిమిషాలు తిరగేసి తిరగేసి చూసి "మంచి చెయ్యి" అన్నాడు, ఆయన నోట ఆ మాట నేను తక్కువసార్లు విన్నా. ఫాల్ వేస్తే రెండో వైపు అంచు మూసుకుపోతుందని అమ్మ కుట్టించుకోలేదు, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి కడుతోంది.