చిన్న రాడార్‌తో ఎనిమిది నెలలు: ఏది కొలిచింది, ఏది లెక్కగట్టింది

ఎనిమిది నెలలుగా ఈ రాడార్ పరికరం నా గోల్ఫ్ సంచిలోనే ఉంటోంది. చూడటానికి అరచేతిలో పట్టేంత పెట్టె. బంతికి వెనక సుమారు 2 మీటర్ల దూరంలో నేలమీద పెట్టి, లక్ష్యం వైపు సరిగ్గా తిప్పి, ఫోనుకు కలిపితే చాలు. కొట్టిన ప్రతి బంతికీ ఫోను తెర నిండా వేగం, దిశ లాంటి అంకెలు వస్తాయి. బంతి ఎంత దూరం పోతోందో తెలుసుకోవడానికి దీన్ని కొనలేదు నేను. ఒక వాదన తేల్చుకోవడానికి కొన్నాను.

ఆ వాదన మాస్టారితో. ఆయన ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు, వారానికి రెండుసార్లు నాతో ఆడతారు. నాకు మొదట గోల్ఫ్ నేర్పినవారు చెప్పిన సూత్రం ఇది: బంతి స్వింగ్ దారిలో, అంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) తల కదిలే దిశలో, బయలుదేరుతుంది; బంతిని తాకే క్లబ్ ముఖం ఎటు చూస్తే అటు వంగుతుంది. ఏళ్ల తరబడి అదే నమ్మాను. మాస్టారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. "నీకు తిరగేసి నేర్పారమ్మా. బంతి క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉండేది సెకనులో రెండువేల వంతు. నీ భుజాలు ఎంత తిరిగాయో దానికేం తెలుసు? ముఖం ఎటు చూస్తోంది, ఎటు కదులుతోంది. దానికి తెలిసేవి ఆ రెండే" అనేవారు. బ్రిటన్ శాస్త్రజ్ఞులు 1968లోనే ఈ సంగతి అచ్చువేశారనీ, ఆ ముఖమూ ఆ దారీ కలిసి గీసే తలానికి జోర్గెన్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త తర్వాత డి-ప్లేన్ అని పేరు పెట్టారనీ చెప్పేవారు.

పరికరం వచ్చిన మొదటి వారంలోనే పరీక్ష పెట్టాను. 7వ నంబరు ఐరన్ (పలుచటి లోహపు తల ఉన్న క్లబ్) తీసుకుని, ముఖాన్ని కాస్త కుడికి తెరిచి, స్వింగ్‌ను కావాలని ఎడమకు లాగి పది బంతులు కొట్టాను. నేను నేర్చుకున్నదే నిజమైతే అవి ఎడమకు బయలుదేరాలి. తొమ్మిది బంతులు కుడికే బయలుదేరి, ఇంకా కుడికి వంగిపోయాయి. బంతి బయలుదేరే దిశను ఈ రాడార్ నేరుగా కొలుస్తుంది కనుక సందేహానికి తావు లేదు. ఐరన్‌తో ఆ దిశలో సుమారు 75 శాతం, డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే పెద్ద తల క్లబ్‌తో, దాదాపు 85 శాతం ముఖానిదే. ఈ ఒక్క సంగతి కళ్లారా చూపించినందుకే పరికరానికి పూర్తి మార్కులు ఇచ్చేదాన్ని. డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి కథ మారింది.

ఐరన్లు చక్కగా పోతున్నా నా డ్రైవర్ బంతి మాత్రం స్లైస్ అవుతూనే, అంటే గాలిలో కుడికి వంగిపోతూనే, ఉంది. తెర మీద స్వింగ్ దారి ప్రతిసారీ ఎడమకు 6 డిగ్రీలని చూపించేది. సరే, దారినే దిద్దుదామనుకున్నాను. బంతికి అవతల క్లబ్ తొడుగు పెట్టి, అది తగలకుండా లోపలి నుంచి బయటికి కొట్టడం మూడు వారాలు సాధన చేశాను. ఒంటికి తేడా తెలుస్తోంది. తెర మీద అంకె మాత్రం కదలలేదు. 6, 5, మళ్లీ 6. అంతగా నమ్మిన యంత్రం నా శ్రమ వృథా అని చెబుతుంటే చాలా బాధ కలిగింది.

ఒకరోజు పాదాలకు వాడే పొడి స్ప్రేను డ్రైవర్ ముఖం మీద పల్చగా కొట్టాను. తెల్లటి పూత మీద బంతి అచ్చు స్పష్టంగా పడుతుంది. ఐదు బంతులు, ఐదు అచ్చులు. అన్నీ షాఫ్ట్ (క్లబ్ కర్ర) తలకు కలిసే వైపే, నడిమధ్యకు వేలెడు దూరంలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మాస్టారు వంగి చూసి, కళ్లజోడు సర్దుకుని, "మూడోది మరిచిపోయానమ్మా. ఎక్కడ తాకిందన్నది" అన్నారు.

డ్రైవర్ తల గరిమనాభి (బరువు కేంద్రం) ముఖానికి బాగా వెనక ఉంటుంది. బంతి క్లబ్ మడమ వైపు, అంటే షాఫ్ట్ వైపు, తగిలితే క్లబ్ తల ఎడమకు తిరుగుతుంది. పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి ఎదురు తిప్పినట్టు బంతి కుడికి తిరుగుతుంది. ఐరన్‌లో గరిమనాభి ముఖానికి దగ్గరగా ఉండటం వల్ల ఈ ప్రభావం తక్కువ. నా ఐరన్లు నేరుగా పోవడానికి కారణం అదే.

మరి ఆ 6 డిగ్రీలు? సహాయ పేజీలు మొత్తం చదివితే చివర చిన్న అక్షరాల్లో దొరికింది. ఈ నమూనా స్వింగ్ దారిని కొలవదు. బంతి బయలుదేరిన దిశ, అది తిరిగే అక్షం వాలు తీసుకుని, బంతి ముఖం నడిమధ్యలో తగిలిందనుకుని వెనక్కి లెక్కగడుతుంది. మడమ వైపు తగలడం వల్ల పుట్టిన కుడి తిరుగుడును కూడా అది నా దారి లెక్కలోనే వేసింది. నా అభ్యంతరం ఇక్కడే. లెక్కగట్టవద్దని నేను అనను. కానీ కొలిచిన అంకె, ఊహించిన అంకె ఒకే రంగులో, ఒకే సైజులో, దశాంశంతో సహా పక్కపక్కన కూర్చోకూడదు. రెండోదాన్ని వేరే రంగులో చూపించి ఉంటే నా మూడు వారాలు మిగిలేవి.

కిందికి స్వింగ్ చేసేటప్పుడు నా బరువు కాలివేళ్ల మీదికి ఒరిగి, నడుము బంతి వైపు తోసుకువస్తోందని తర్వాత అర్థమైంది. బరువు మడమల మీద నిలిపేసరికి అచ్చులు మధ్యకు వచ్చాయి. తెర మీద దారి 6 నుంచి 1కి దిగింది.

మిగతావి క్లుప్తంగా. బంతి వేగాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. క్లబ్ వేగాన్ని అన్నిసార్లూ కాదు. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి అప్పుడప్పుడు 1.56 అని కనిపిస్తుంది. నియమాలకు లోబడిన డ్రైవర్‌తో అది 1.5 దగ్గరే ఆగాలి. అంతకు మించితే క్లబ్ వేగాన్ని తక్కువగా చదివిందని అర్థం, ఆ బంతిని లెక్కలోంచి తీసేస్తాను. ఇంటి లోపల వల కట్టి కొట్టేటప్పుడు స్పిన్ (బంతి తిరుగుడు) చదవాలంటే బంతికి లోహపు చుక్క అంటించాలి. పెట్టెను లక్ష్యానికి 2 డిగ్రీలు పక్కకు పెడితే 200 మీటర్ల దగ్గర 7 మీటర్ల తేడా వస్తుంది కాబట్టి, దాన్ని పెట్టేటప్పుడు నేలమీద ఒక కర్ర పరిచి గురి చూసుకోండి.

కొనమనే చెబుతాను. పొడి స్ప్రే కూడా తీసుకోండి. నేను ఇప్పుడు ముందు ముఖం మీది అచ్చు చూసి, ఆ తర్వాతే ఫోను వైపు తిరుగుతున్నాను.