రెండు జీటీఎక్స్ 1070లు, ఎస్‌ఎల్‌ఐ: కొన్నేళ్ల వాడకం తర్వాత

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో పాత జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డు ఎంత చవగ్గా దొరికినా, గేమింగ్ కోసం రెండోది కొనకండి. రెండు ఎన్విడియా కార్డులను జతచేసి ఒకే గేముకు పనిచేయించే పద్ధతే ఎస్‌ఎల్‌ఐ. కొన్నేళ్లు అలా రెండు కార్డులతో ఆడాక చెబుతున్న మాట ఇది.

ప్రొఫైల్ (ఆ గేములో పనిని ఎలా పంచాలో డ్రైవర్‌కు చెప్పే సెట్టింగులు) కుదిరిన గేముల్లో రెండో కార్డు నిజంగానే కష్టపడుతుంది. జీటీఏ 5లో తేడా కంటికి తెలుస్తుంది. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్ డీఎక్స్12 (డైరెక్ట్‌ఎక్స్ 12) మోడ్‌లో పనిని రెండు కార్డులకూ తనే పంచుతుంది. ప్రొఫైల్ లేని గేములో మాత్రం రెండోది ఊరికే కూర్చుంటుంది. ఎన్విడియా కూడా 2021 జనవరి నుంచి కొత్త ప్రొఫైళ్లు ఇవ్వడం ఆపేసింది.

అసలు చిక్కు పని పంచుకునే పద్ధతిలోనే ఉంది. సరి ఫ్రేములు ఒక కార్డు, బేసి ఫ్రేములు ఇంకో కార్డు గీస్తాయి. కొత్త గేముల్లో టీఏఏ అనే అంచులు నునుపు చేసే పద్ధతి పాత ఫ్రేమును చూసుకుని కొత్తదాన్ని నునుపు చేస్తుంది. ఆ పాత ఫ్రేము ఉండేది పక్క కార్డులో. అది వచ్చేదాకా ఈ కార్డు ఆగాలి. అందుకే కొన్నిచోట్ల ఒక్క కార్డుకన్నా తక్కువ ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) వస్తుంది. ఒక ఫ్రేము 8 మిల్లీసెకన్లకు, తర్వాతిది 25కు వచ్చినా సగటు 60 ఎఫ్‌పీఎస్సే చూపిస్తుంది, కన్ను మాత్రం కుదుపును పట్టేస్తుంది. కాబట్టి కార్డు పనితీరు చూపించే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో సగటును నమ్మొద్దు, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం చూపించే ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ చూడండి. గీత రంపపు పళ్లలా ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్‌ఎల్‌ఐ ఆపేసి అదే సీను మళ్లీ ఆడి చూడండి.

మెమరీ కూడా కలవదు. 8 జీబీ, 8 జీబీ కలిస్తే 16 కాదు. రెండింట్లోనూ ఒకే టెక్స్చర్లు ఉంటాయి కాబట్టి గేముకు దక్కేది 8 జీబీయే.

వేడి సంగతి హైదరాబాద్‌లో చిన్న విషయం కాదు. కింది కార్డు వదిలిన వేడిగాలినే పై కార్డు పీలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో పై కార్డు 83 డిగ్రీల దగ్గరకు చేరి క్లాకులు (పనిచేసే వేగం) దించేస్తుంది. పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించడం, కేసు పక్కన ఫ్యాన్ పెట్టడం, రెండు కార్డుల మధ్య ఒక స్లాటు ఖాళీ వదలడం: ఈ మూడూ చేశాకే అది కుదుటపడుతుంది. నెలకోసారి దుమ్ము దులపాల్సిందే.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. ఒక్కో 1070కి 150 వాట్లు, రెండింటికి 300. 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) సరిపోతుంది కానీ ఒక్కో కార్డుకు విడి 8 పిన్ కేబుల్ వేయాలి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. రెండు కార్డులూ లోడులో ఉండగా కరెంటు పోతే సేవ్ చేసుకునే వ్యవధి కూడా ఇవ్వదు.

మదర్‌బోర్డు తొందరపడి కొన్నవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే: రెండు పెద్ద స్లాట్లు కనిపించినంత మాత్రాన ఎస్‌ఎల్‌ఐ రాదు. ప్రాసెసర్ నుంచి కార్డులకు డేటా వెళ్లే దారులు, అంటే లేన్లు, ఎక్స్8, ఎక్స్8గా (ఒక్కో కార్డుకు ఎనిమిది) చీలాలి. చాలా బీ సిరీస్ (మధ్యస్థాయి చిప్‌సెట్) బోర్డుల్లో రెండో స్లాటు చిప్‌సెట్ నుంచి వచ్చే ఎక్స్4.

ఇప్పటికే రెండు కార్డులు ఉన్నవాళ్లు రెండోదాన్ని లాస్‌లెస్ స్కేలింగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో గేము ఫ్రేముల మధ్య అదనపు ఫ్రేములు పుట్టించడానికి వాడి చూడొచ్చు. మానిటర్ కేబుల్‌ను రెండో కార్డుకే గుచ్చాలి, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో గేముకు మొదటి కార్డును ఎంచుకోవాలి. కేబుల్ మొదటి కార్డుకే ఉంచేస్తే పుట్టిన ఫ్రేములు మళ్లీ వెనక్కి ప్రయాణించి ఆలస్యం పెరుగుతుంది.